ఆకుపచ్చ కింద నలుపు

స్క్రీన్‌షాట్ తీసిన ప్రతిసారీ ఒక చిన్న విషయం నన్ను ఆపుతుంది. తెర మీద ఉన్నదంతా ఆ బొమ్మలోకి వచ్చేస్తుంది. సగం టైపు చేసి వదిలేసిన ఉత్తరం, దాని వెనక నుంచి తొంగిచూస్తున్న మరో విండో, మూలన గడియారం, బ్యాటరీ గుర్తు, అన్నీ వస్తాయి. మౌస్ బాణం మాత్రం చాలాసార్లు రాదు. ఆ క్షణంలో తెర మీద అన్నిటికన్నా పైన ఉన్నది అదే కదా! ఉత్తరాన్నయినా, విండోనయినా, గడియారాన్నయినా కప్పగలిగేది అది ఒక్కటే. అందరికంటే పైన ఉన్నదే బొమ్మలో లేకపోవడమేమిటి? కావాలంటే బాణాన్ని కూడా కలిపి ఇచ్చే సౌకర్యం చాలా టూల్స్‌లో ఉంది. కానీ విడిగా ఉన్నదాన్నే కదా కలపగలం. అంటే నా కంటికి ఒక్కటిగా కనిపిస్తున్న తెర ఒక్కటి కాదన్నమాట. మరి ఎన్ని? వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చింది ఎవరు? ఆ పేర్పు సరిగా ఉందో లేదో ఎవరు చూశారు? డిస్‌ప్లే డ్రైవర్ల పనిలో ఇన్నాళ్ళుగా ఉన్నా, ఈ మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ నా ఆలోచన నెమ్మదిస్తుంది.

ఇలాంటి అనుమానం నాలో మొదట మొలకెత్తింది విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో. కాలేజీ హాస్టల్లో ఒక స్నేహితుడి కంప్యూటర్ చుట్టూ చేరి సినిమాలు చూసేవాళ్ళం. నచ్చిన సీను దగ్గర ప్రింట్ స్క్రీన్ మీట నొక్కి, పెయింట్ తెరిచి అతికిస్తే, హీరో ఉండాల్సిన చోట ఉత్త నల్లటి పలక వచ్చేది. అంతటితో అయిపోలేదు. ఆ పలక ఉన్న పెయింట్ విండోను మెల్లగా జరిపి సినిమా ఆడుతున్న చోటికి తెస్తే, ఆ పలకలోనే సినిమా ఆడేది! బొమ్మలు గీసుకునే పెయింట్‌లో సినిమా ఎలా వచ్చింది? తర్వాతెప్పుడో తెలిసింది దాని మర్మం. వీడియో ప్లేయర్ తన విండోలో సినిమాను గీసేది కాదు. నలుపుకు దగ్గరగా ఉండే ఒక గుర్తు రంగు పూసి ఊరుకునేది. ఈ చోట ఈ రంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ సినిమా చూపించమని గ్రాఫిక్స్ చిప్‌కు చెప్పి ఉంచేది. సినిమా వేరే పొరలో, వేరే దారిన తెరకు చేరేది. మేం ప్రింట్ స్క్రీన్‌తో పట్టుకున్నది సినిమాను కాదు, సినిమా కోసం వదిలిపెట్టిన జాగాను. ఆ రంగు పెయింట్‌లో ఉన్నా, ప్లేయర్‌లో ఉన్నా చిప్‌కు ఒకటే. అందుకే అక్కడా ఆడించింది. కళ్ళముందు కనిపించేది వేరు, మెమరీలో ఉండేది వేరు అని నాకు తెలియజెప్పిన మొదటి పాఠం అదే.

లినక్స్ కెర్నెల్లో ఈ పొరలను ప్లేన్లు అంటారు. ఒక ప్రైమరీ ప్లేన్, బాణం కోసం ఒక కర్సర్ ప్లేన్, వీడియోలాంటి వాటి కోసం కొన్ని ఓవర్‌లే ప్లేన్లు. ఒక్కో ప్లేన్‌కూ మెమరీలో తన సొంత బొమ్మ ఉంటుంది. తెరకు చుక్కలు పంపే హార్డ్‌వేర్ ఆ బొమ్మలన్నిటినీ ఏకకాలంలో చదువుతూ, ఒక్కో చుక్క దగ్గర ఎవరు పైన ఉన్నారో చూసుకుని, అప్పటికప్పుడు కలిపి తీగలోకి వదిలేస్తుంది. ఇంత తంటా దేనికంటే పొదుపు కోసం. 1920 × 1080 తెరలో 20,73,600 చుక్కలుంటాయి. చుక్కకు 4 బైట్ల చొప్పున ఒక ఫ్రేముకు దాదాపు 83 లక్షల బైట్లు, సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 50 కోట్ల బైట్లు. వీడియోను, దాని మీది బటన్లను ముందే జీపీయూతో కలిపించి ఒక బొమ్మగా మెమరీలో రాయించి, మళ్ళీ దాన్ని చదివి తెరకు పంపితే, ఇంత రాతా ఇంత చదువూ అదనంగా నెత్తిన పడతాయి. ఫోన్ వేడెక్కుతుంది, బ్యాటరీ కరుగుతుంది. అందుకే కలిపే పనిని చిట్టచివరి గుమ్మం దాకా వాయిదా వేస్తారు. ఆ వాయిదా వల్ల ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడుతుంది. మనం చూస్తున్న బొమ్మ పూర్తి రూపంలో మెమరీలో ఎక్కడా ఉండదు. తీగలో పోతున్నంతసేపే అది ఒక్కటిగా ఉంటుంది. స్క్రీన్‌షాట్ అంటే ఆ బొమ్మకు నకలు కాదు. అవే ముక్కలతో, విండోలన్నిటినీ తెర మీద కూర్చే కంపోజిటర్ అనే ప్రోగ్రాము విడిగా మళ్ళీ వండి ఇచ్చినది. పేర్పులో తప్పు చిట్టచివర హార్డ్‌వేర్‌లో జరిగితే, తెర మీద తప్పు ఉంటుంది, స్క్రీన్‌షాట్ మాత్రం నిక్షేపంలా ఉంటుంది. అప్పుడు ఫిర్యాదు చేసిన మనిషిని నమ్మాలా, ఆయన పంపిన బొమ్మను నమ్మాలా?

ఎవరు పైన, ఎవరు కింద అని చెప్పే గుణానికి కెర్నెల్లో జెడ్‌పాస్ అని పేరు. ఒక్కో ప్లేన్‌కూ ఒక అంకె. పెద్ద అంకె చూసేవాడికి దగ్గర, చిన్న అంకె దూరం. ఇంత మామూలు విషయం అన్ని డ్రైవర్లకూ ఉమ్మడిగా ఒక పద్ధతిలోకి వచ్చింది 2016లోనే. అంతకుముందు ఏ డ్రైవర్ దారి దానిదే. కొన్ని తమ సొంత పేర్లతో, సొంత నియమాలతో ఇలాంటి గుణాన్ని ఇచ్చేవి, కొన్ని ఇచ్చేవి కావు. జెడ్‌పాస్ లేకపోతే ఏమవుతుందో కెర్నెల్ పత్రాల్లో రాసి ఉంది. ప్రైమరీ ఎప్పుడూ కర్సర్ కింద ఉంటుంది, మిగతా ప్లేన్ల మధ్య క్రమం నిర్ణయం కాలేదు అని. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నిర్ణయం కాలేదంటే క్రమం లేదని కాదు కదా. తెర మీద రెండు పొరలు కలిసినప్పుడు ఏదో ఒకటి పైన ఉండి తీరుతుంది. చిప్‌కు మొహమాటాలుండవు. అది ఏదో ఒకటి చూపిస్తుంది, మరునాడూ అదే చూపిస్తుంది, ఏడాది తర్వాతా అదే చూపిస్తుంది. చూసి చూసి మనం అదే నియమం అనుకుంటాం. దాని మీద ఆధారపడి ప్రోగ్రాములు రాస్తాం. కొత్త చిప్ వచ్చిన రోజున అన్నీ తలకిందులైతే చిప్ పాడైందంటాం. మాట ఇచ్చినవాళ్ళెవరూ లేకుండానే మాట తప్పారని నింద వేస్తాం. అలవాటుకూ నియమానికీ తేడా బయటి నుంచి చూస్తే తెలియదు. అది నన్ను కలవరపెడుతుంది.

రెండు ప్లేన్లకు ఒకే అంకె ఇస్తే? దీని గురించి కూడా కెర్నెల్లో రాసి పెట్టారు. అలా ఇవ్వడం ప్రోగ్రాము రాసినవాడి తప్పు, అయినా డ్రైవర్ కావాలంటే ప్లేన్ల గుర్తింపు సంఖ్యలు పోల్చి, పెద్ద సంఖ్య ఉన్నదాన్ని పైన పెట్టవచ్చు అని. తప్పు ఎవరిదో చెప్తూనే, తప్పు జరిగినా తెర చెదిరిపోకుండా ఒక దారి చూపడం ఇందులో నాకు నచ్చిన సంగతి. తగువు తీర్చడానికి ఏదో ఒక పద్ధతి ఉండాలి, అది అందరికీ తెలిసినదై ఉండాలి. ఆ పద్ధతి గొప్పదా కాదా అన్నది తర్వాతి మాట. గుర్తింపు సంఖ్య పెద్దదైనంత మాత్రాన ఒక పొరకు పైన ఉండే అర్హత రాదు. కానీ దాన్ని పాటించే డ్రైవర్‌తో, ఒకే రకం చిప్ ఉన్న రెండు యంత్రాల్లో, రెండు రోజుల్లో, ఇద్దరు మనుషులకు ఒకే జవాబు వస్తుంది. నిలకడకు అంతకంటే ఏం కావాలి? ఇంకో సంగతి కూడా ఉంది. జెడ్‌పాస్ మార్చుకోగలిగినదే కానక్కర్లేదు. కొన్ని చిప్‌లలో పొరల క్రమం సిలికాన్‌లోనే ఖాయమై ఉంటుంది. అప్పుడు డ్రైవర్ ఆ అంకెను మార్చడానికి వీల్లేని గుణంగా ప్రకటిస్తుంది. నేను ఇంతే, దీన్ని బట్టి మీరు సర్దుకోండి అని ముందే చెప్పడమన్నమాట.

ప్రకటించడం వరకు బాగుంది. ప్రకటించిన మాట నిజమని ఎలా తెలుస్తుంది? 1937లో డిస్నీ వాళ్ళు ‘ది ఓల్డ్ మిల్’ అనే చిన్న చిత్రానికి మల్టీప్లేన్ కెమెరా వాడారు. గాజు పలకల మీద గీసిన బొమ్మలను అంతస్తులుగా అమర్చి, పై నుంచి కిందికి చూసే కెమెరాతో తీశారు. అక్కడ ఏ పలక పైనుందో తెలుసుకోవాలంటే పక్కకు వెళ్ళి నిలబడి చూస్తే చాలు, చేత్తో తాకినా చాలు. చిప్‌లో పక్కకు వెళ్ళి నిలబడే చోటు లేదు. మనకు దక్కేది ఎప్పుడూ ఎదుటి నుంచి కనిపించే ఆఖరి బొమ్మే. అందులో నుంచి లోతును కనిపెట్టాలి. మామూలుగా వాడుకునేవాడు తెరను చూసి బాగుందనో బాగాలేదనో చెప్పగలడు. కానీ కెర్నెల్లో రోజూ ఎన్నో మార్పులు వచ్చి చేరుతుంటాయి, ఎన్నెన్నో చిప్‌ల మీద అది నడవాలి. ప్రతి మార్పుకూ ఒక మనిషిని తెర ముందు కూర్చోబెట్టడం జరిగే పని కాదు. కూర్చున్నా, ఒక చుక్క మందాన జరిగిన తప్పును ఏ కన్ను పడుతుంది?

ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టిన పరీక్షల గుచ్ఛం ఐజీటీ జీపీయూ టూల్స్. మొదట ఇంటెల్ చిప్‌ల కోసం మొదలై, తర్వాత మిగతావాళ్ళ డ్రైవర్లకూ పనికొచ్చేలా పెరిగింది. అందులో ప్లేన్ల స్థానాన్ని పరీక్షించే ఒక చిన్న పరీక్ష ఉంది. దాన్ని మొదటిసారి చదివినప్పుడు ఒక మంచి కథ చదివినట్టు అనిపించింది. ముందు తెరంతా ఆకుపచ్చ రంగు నింపుతారు. ప్రైమరీ ప్లేన్ ఒక్కటే, ఇంకేమీ లేదు. ఆ బొమ్మకు ఒక గుర్తు తీసి దాచుకుంటారు. తర్వాత ప్రైమరీ ప్లేన్‌లో ఆకుపచ్చ మధ్య ఒక నల్లటి పలక గీస్తారు. రెండో ప్లేన్‌ను తీసుకుని, దాని నిండా అదే ఆకుపచ్చ నింపి, సరిగ్గా ఆ నల్ల పలక కొలతకు కోసినట్టుగా దాని మీద పెడతారు. మళ్ళీ గుర్తు తీస్తారు. రెండు గుర్తులూ ఒకటైతే పరీక్ష నెగ్గినట్టు. రెండో ప్లేన్ కిందికి పోయి ఉంటే నలుపు పైకి తేలేది. ఒక్క చుక్క పక్కకు జరిగినా ఒక నల్ల గీత బయటపడేది. అసలు రాకపోతే నల్ల పలక అలాగే ఉండేది. అన్నీ సరిగా ఉంటేనే తెర ఒక మచ్చ లేని ఆకుపచ్చ మైదానంలా కనిపిస్తుంది. అంటే పరీక్ష నెగ్గిన క్షణంలో తెర ముందు మనిషి కూర్చుని ఉంటే అతనికి ఏమీ జరిగినట్టు ఉండదు. కప్పడం నిజంగా జరిగిందా అని తెలియాలంటే, కప్పాల్సిన మచ్చ ఒకటి కింద ఉండాలి. లేనప్పుడు మనమే కావాలని పెట్టాలి. ఈ ఆలోచన ఎవరికి మొదట తట్టిందో గానీ, వాళ్ళకు నా నమస్కారం.

తీసి దాచుకునే ఆ గుర్తు పేరు సీఆర్‌సీ. సమాచారం ఒకచోటి నుంచి మరోచోటికి పోయేటప్పుడు చెడిపోతే పట్టుకోవడానికి 1961లో వెస్లీ పీటర్సన్ వెలువరించిన లెక్క అది. చాలా డిస్‌ప్లే హార్డ్‌వేర్‌లలో, పొరలన్నీ కలిశాక బయటికి పోయే చుక్కల వరుస మీద ఈ లెక్క వేసే భాగం ఉంటుంది. ఇరవై లక్షల చుక్కలు ఒక చిన్న సంఖ్యగా మారతాయి. బొమ్మ తీగలోకి దిగబోయే చోట నిలబడి చూసే సాక్షి అది. స్క్రీన్‌షాట్‌కు కనబడనిది దీనికి కనబడుతుంది. మొదట నన్ను ఆపిన మౌస్ బాణం కోసమూ ఇలాంటి పరీక్షే ఉంది. బాణాన్ని కర్సర్ ప్లేన్‌లో ఉంచి ఒకసారి, అదే బాణాన్ని మామూలు బొమ్మలో భాగంగా గీసి ఒకసారి సీఆర్‌సీ తీసి పోలుస్తారు. అయితే ఈ సాక్షి మాట్లాడేది ఒక్కటే మాట: అదే, లేదా అది కాదు. ఏం మారింది, ఎక్కడ మారింది అని అడిగితే చెప్పదు. చుక్కంత తేడాకూ, తెరంతా తలకిందులైన దానికీ ఒకే రకంగా తల అడ్డంగా ఊపుతుంది. ఇంత తక్కువ మాట్లాడే సాక్షి మీద ఇంత భారం వేయవచ్చా? వేయవచ్చనే అనుకుంటాను, కానీ అడిగే ప్రశ్న అంతే కచ్చితంగా ఉండాలి. పై పొరా కింది పొరా ఒకే రంగులో ఉంటే, క్రమం తారుమారైనా సంఖ్య మారదు, సాక్షి సరేనంటుంది. అందుకే నేను రాసే పరీక్షల్లో మొదట పై ముక్కను కావాలని తప్పు చోట పెట్టి, సాక్షి కాదంటుందో లేదో చూస్తాను. కాదనడం చేతనవునని తేలాకే దాని అవునుకు విలువ.

ఇదంతా ఆలోచిస్తుంటే ‘రాముడు భీముడు’ గుర్తొస్తుంది. 1964 నాటి ఆ సినిమాను నేను చాలా ఆలస్యంగా, ఊళ్ళో వినాయక చవితి పందిట్లో తెర కట్టి వేసినప్పుడు చూశాను. ఇద్దరు రామారావులు ఒకే ఫ్రేములో మాట్లాడుకుంటుంటే జనం ఊగిపోయారు. నేను మాత్రం వాళ్ళిద్దరి మధ్యనున్న ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. ఎక్కడో ఒక అతుకు ఉండాలి కదా, అది దొరక్కపోతుందా అని. ఆ రోజుల్లో ద్విపాత్రాభినయానికి వాడిన మామూలు పద్ధతి మాస్క్. కెమెరా ముందు సగం మూసి ఒక పాత్రను తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, రెండో సగం మూసి ఇంకో పాత్రను తీసేవారు. నటుడు ఆ కనబడని గీత దాటకూడదు. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది, అక్కడ ఎవరు ముందు ఎవరు వెనక అన్న ప్రశ్నే లేదని. ఇద్దరూ పక్కపక్కన ఉన్నారు, ఒకరి జాగాలోకి ఒకరు రాలేదు. క్రమం గురించిన తగువు పుట్టేది ఒకరు ఇంకొకరి మీదికి వచ్చినప్పుడే. తెర మీదా అంతే. వీడియో ఒక మూల, బటన్లు ఇంకో మూల ఉన్నంతకాలం జెడ్‌పాస్ ఎంత తప్పుగా ఉన్నా ఎవరికీ తెలియదు. ఏళ్ళ తరబడి తెలియకపోవచ్చు. ఒకానొక రోజు ఒక చిన్న నోటిఫికేషన్ వీడియో మీదికి జారి, కనబడకుండా పోతుంది. తప్పు ఆ రోజు పుట్టింది కాదు, ఆ రోజు బయటపడింది. పరీక్ష రాయడమంటే ఆ కలయిక కోసం ఎదురుచూడకుండా మనమే కల్పించడం.

మరి ఎన్ని కలయికలు కల్పించాలి? ఐదు ప్లేన్లున్న చిప్‌లో వాటిని 120 రకాలుగా పేర్చవచ్చు. ఒక్కో పేర్పులో పది జతలు. దీనికి రంగుల పద్ధతులు, పరిమాణాలు, తిప్పడాలు కలిపితే లెక్క చేయి దాటిపోతుంది. కానీ ఒక పేర్పును తేల్చడానికి పది జతలూ చూడనక్కర్లేదు. కింది నుంచి మొదలుపెట్టి పక్కపక్కనున్న నాలుగు జతలు సరిగా ఉన్నాయని తేలితే చాలు. రెండోది ఒకటోదాన్ని కప్పి, మూడోది రెండోదాన్ని కప్పితే, మూడోది ఒకటోదాన్ని కప్పుతుందని వేరే చెప్పాలా? ఇక్కడే నాకు అనుమానం. ఇది ఎప్పుడూ నిజమేనా? మా అమ్మమ్మ వాకిట్లో పరిచే ఈత చాపలో ప్రతి ఆకూ ఒకచోట పైన, ఇంకోచోట కింద. అన్నిటికన్నా పైనున్న ఆకు ఏదంటే జవాబు లేదు. బొమ్మలను వెనక నుంచి ముందుకు వరసగా వేసుకుంటూ వచ్చే పద్ధతిని 1972లో మార్టిన్ న్యూవెల్, రిచర్డ్ న్యూవెల్, టామ్ సాంచా వివరించినప్పుడు వాళ్ళకూ ఇదే చిక్కు ఎదురైంది. మొదటిది రెండోదాని మీద, రెండోది మూడోదాని మీద, మూడోది మళ్ళీ మొదటిదాని మీద ఉంటే వరస కుదరదు. అప్పుడు ఒకదాన్ని ముక్కలుగా కోయాల్సిందే అన్నారు. ప్లేన్లకు ఆ బాధ లేదు, ఎందుకంటే ఒక ప్లేన్‌కు ఒకే అంకె. నాలుగు జతలతో సరిపెట్టుకునే హక్కు మనకు ఆ ఒక్క అంకె నుంచే వచ్చింది. కానీ హార్డ్‌వేర్ నిజంగా ఆ అంకెల ప్రకారమే కలుపుతోందా, లోపల ఎక్కడైనా అల్లిక పెట్టుకుందా అన్నది ఎవరైనా చూడాలి కదా. అందుకే వీలైన చోట అదనంగా కొన్ని జతలు చూడటమే నా పద్ధతి.

పొరలన్నీ గోడల్లా మూసుకుని ఉండవు, కొన్ని గాజులా ఉంటాయి. 1984లో లూకస్‌ఫిల్మ్‌లో పనిచేస్తున్న థామస్ పోర్టర్, టామ్ డఫ్ బొమ్మలను కలిపే లెక్కలను ఒక వ్యాసంలో పెట్టారు. ఒక బొమ్మను ఇంకోదాని మీద వేసే లెక్కకు ఒక గుణం ఉంది. మూడు పొరలుంటే పై రెండూ ముందు కలుపుకున్నా, కింది రెండూ ముందు కలుపుకున్నా ఫలితం ఒకటే. కానీ పైదాన్నీ కిందిదాన్నీ తారుమారు చేస్తే ఫలితం మారిపోతుంది. ఏది ముందు కలిపామన్నది పట్టింపు కాదు, ఏది పైన ఉందన్నదే పట్టింపు. ఫోన్‌లో వీడియో చూసేటప్పుడు ఈ గాజు గుణంతోనే పని జరుగుతుంది. ఆండ్రాయిడ్‌లో సర్ఫేస్‌వ్యూ అనే ఏర్పాటులో వీడియో పొర మామూలుగా యాప్ విండోకు వెనక ఉంటుంది. విండోలో ఆ మేరకు ఒక పారదర్శకమైన కిటికీ తెరుస్తారు, అందులో నుంచి మనం వెనకనున్న వీడియోను చూస్తాం. మనకు అన్నిటికన్నా ముఖ్యమైన బొమ్మ అన్నిటికన్నా కింద ఉంటుందన్నమాట! దాని పైనున్న పొర ఎంత పక్కకు తప్పుకుంటే అంత మేరే అది కనిపిస్తుంది. ఆ కిటికీ తెరుచుకోకపోతే మాట వినిపిస్తుంది, మనిషి కనబడడు. వీడియో పొర ప్రతి ఫ్రేమూ మెమరీ నుంచి వస్తూనే ఉంటుంది, ఎవరూ చూడరు. కనబడనిదల్లా లేనిది కాదని నాకు ఈ పనిలో ఉన్నంత గట్టిగా ఇంకెక్కడా అనిపించదు.

ఇదంతా వినోదం వరకే అయితే ఇంత పట్టింపు అక్కర్లేదేమో. కానీ కార్లు ఉన్నాయి. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లన్నిటికీ వెనక కెమెరా తప్పనిసరి. రివర్స్ గేర్ వేసిన 2 సెకన్లలోపు వెనక దృశ్యం తెర మీదికి రావాలి. ఆ సమయానికి తెర మీద దారి చూపే మ్యాపు ఉండవచ్చు, పాట పేరు ఉండవచ్చు, ఎవరిదో ఫోన్ కాల్ మోగుతూ ఉండవచ్చు. కెమెరా దృశ్యం విడి పొరగా వస్తున్న చోట, అది వాటన్నిటి పైకి రావాలి. వచ్చింది కానీ మ్యాపు కింద ఉండిపోయింది అనడానికి వీల్లేదు. కారు వెనక ఆడుకుంటున్న పసివాడికి జెడ్‌పాస్ గురించి తెలియదు. అలాగే మీటర్ల స్థానంలో తెర పెట్టిన కార్లలో బ్రేకు హెచ్చరిక గుర్తు ఏ బొమ్మ కిందా దాగకూడదు. అందుకే కార్ల కోసం చేసే కొన్ని చిప్‌లలో, తెరలో ఆ గుర్తు ఉండే చోటు వరకే విడిగా సీఆర్‌సీ లెక్కించి, ఉండాల్సిన సంఖ్యతో సరిపోల్చే భాగం పెడతారు. మేం పరీక్షలో ఒకసారి అడిగే ప్రశ్నను ఆ చిప్ కారు నడుస్తున్నంతసేపూ తనను తాను అడుగుతూనే ఉంటుంది. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి, ఆకుపచ్చ మీద నల్ల పలక పరీక్షను నేను చిన్నదిగా చూడలేకపోతున్నాను.

ఇంకో విషయం నన్ను తొలుస్తుంది. పేర్చే ముందు కెర్నెల్‌ను అడిగే వీలుంది: ఈ ప్లేన్లను ఇలా, ఈ క్రమంలో పెడితే కుదురుతుందా, తెరను కదపకుండా జవాబు మాత్రం చెప్పు అని. కుదరదంటే కంపోజిటర్ ఆ పొరలను తానే జీపీయూతో కలిపేసుకుంటుంది, వాడుకునేవాడికి తేడా తెలియదు. ఇది మర్యాదైన ఏర్పాటు. కానీ పరీక్ష విషయంలో ఇదే మర్యాద ఒక మరుగు అవుతుంది. డ్రైవర్ కుదరదన్నప్పుడు పరీక్ష ఓడిపోదు, చాలాసార్లు దాటవేసి ముందుకు పోతుంది. నివేదికలో ఎర్రగా ఏమీ కనిపించదు. నెగ్గిన పరీక్షా ఎరుపు కాదు, దాటవేసినదీ ఎరుపు కాదు. ఎర్ర గడులు లేని ఆ పట్టికను చూసి అందరం ఊపిరి పీల్చుకుంటాం. నిజానికి ఒకచోట జవాబు వచ్చింది, ఇంకోచోట ప్రశ్నే అడగలేదు. ఈ రెంటినీ కలగలిపి అంతా బాగుందనుకోవడం, మొదట చెప్పుకున్న నిర్ణయం కాని క్రమాన్ని నియమమనుకోవడం లాంటిదే. అందుకే నేను నివేదికల్లో దాటవేసిన వరసలనే ముందు చదువుతాను. ఎందుకు అడగలేకపోయాం అన్న ప్రశ్నకు ఒక్కోసారి సరైన కారణమే ఉంటుంది, ఆ చిప్‌కు అంత శక్తి లేదని. ఒక్కోసారి ఆ కారణం కిందే అసలు తప్పు పడుకుని ఉంటుంది.

గ్రాఫిక్స్ చిప్‌లు చేసే పెద్ద సంస్థలకు హైదరాబాద్‌లో కార్యాలయాలున్నాయి, వాటిలో మనవాళ్ళు ఎందరో. కానీ ఈ పని కోసం అక్కడ చేరే దాకా ఆగనవసరం లేదు. 2018లో 4.19 కెర్నెల్‌తో వీకేఎంఎస్ అనే ఉత్తుత్తి డిస్‌ప్లే డ్రైవర్ వచ్చింది. దాని వెనక ఏ చిప్పూ లేదు, ఏ తెరా లేదు. పొరలను ప్రాసెసర్‌తోనే కలిపి, సీఆర్‌సీ కూడా తానే లెక్కగట్టి ఇస్తుంది. దాని తొలి పనిలో పెద్ద భాగం, ఆ ఏడాది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, అవుట్‌రీచీ కార్యక్రమాల ద్వారా కెర్నెల్లోకి అడుగుపెట్టిన కొత్తవాళ్ళదే. కాకినాడలోనో వరంగల్‌లోనో ఒక మామూలు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న విద్యార్థి, డబ్బు పెట్టి ఏమీ కొనకుండా, రెండు ప్లేన్లను ఒకదాని మీద ఒకటి పెట్టి, ఎవరు పైనున్నారో సంఖ్యతో తేల్చవచ్చు. ప్లేన్‌ను జరిపి మళ్ళీ అడగవచ్చు. ఎవరూ అడగని కలయిక ఒకటి కనిపెట్టి, పరీక్షగా రాసి, అందరి పరిశీలనకూ పంపవచ్చు. అది ఒకసారి చేరితే, రాసిన మనిషి ఎక్కడున్నా, వేరే పనుల్లో పడి మరచిపోయినా, ఆ ప్రశ్న మాత్రం కొత్తగా వచ్చే ప్రతి కెర్నెల్‌నూ నిలబెట్టి అడుగుతూనే ఉంటుంది. క్రమాన్ని ప్రకటించినవాళ్ళను అందరూ గుర్తుపెట్టుకుంటారు. ఆ క్రమం నిజమేనా అని ఆగకుండా అడిగే ఏర్పాటు చేసినవాళ్ళ వల్లే అది నిలుస్తుంది. మన పిల్లలు ఆ రెండో వరసలో ఎక్కువమంది కనిపించాలని నా కోరిక.